గద్ద వాలిన చెట్టు: రైతుకు నష్టమా, లాభమా?



తెల్లవారి పొలానికి వెళ్లిన రైతు ముందుగా ఏమి చూస్తాడు? పదును వున్నదా అని నేల చూస్తాడు. పురుగు పడిందా అని ఆకు తిప్పి చూస్తాడు. ఎలుక బొరియలు లేచినవా అని గట్టు చూస్తాడు. ఇవన్నీ చూడవలసినవే. అయితే ఈ రోజు నేను మిమ్మల్ని కోరేది మరొకటి. ఒక్క అయిదు నిమిషాలు తల పైకెత్తి ఆకాశం చూడండి. మబ్బు కోసం కాదు, గద్ద కోసం.

"గద్దను చూస్తే మాకేం వస్తుందయ్యా? అది కోడిపిల్లను ఎత్తుకుపోకుండా వుంటే అదే పదివేలు" అంటారు మీరు. ఈ మాట నాకు కొత్త కాదు. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నవాణ్ణే. వ్యవసాయ డిప్లొమా చదివిన రోజుల్లో పురుగుల పేర్లు, తెగుళ్ల పేర్లు, ఎరువుల మోతాదులు వల్లె వేశాను గాని, నా నెత్తిమీద తిరిగే పక్షి పేరు నాకు తెలియదు. ఆ పాఠం నాకు ఒక తుమ్మచెట్టు దగ్గర మొదలయింది.

నందికొట్కూరు ప్రాంతంలో నల్లరేగడి నేలలు. చలికాలం వస్తే శనగ, జొన్న. అక్కడ ఒక పెద్దాయన పొలం గట్టున పాత తుమ్మచెట్టు ఒకటి వుండేది. శనగలో పురుగు చూడటానికి నేను వెళ్లేసరికి ఆయన గొడ్డలి పక్కన పెట్టుకొని కూర్చున్నాడు.

"సారూ, ఈ చెట్టు కొట్టేస్తాండా. దీని నీడకు రెండు సాళ్లు పోతాండాయి. పైగా పొద్దన లేస్తే ఆ తెల్ల గద్ద దీని మీదే. ఇంటికాడ కోడిపిల్లలు తగ్గిపోతాండాయి" అన్నాడు.

అంతకు వారం ముందే పక్షులను పరిశీలించే మిత్రుడొకరు నాకొక సంగతి చెప్పి వున్నాడు. గద్దలూ గూబలూ తిన్నదంతా అరిగించుకోలేవు. వెంట్రుకలు, పొలుసులు, కొన్ని ఎముకలు కడుపులోనే ఉండగా చుట్టుకొని, కొన్ని గంటల తరువాత నోటి గుండా బయటపడతాయి. ఆ ఉండను విప్పి చూస్తే ఆ పక్షి ఏమి తిన్నదో తెలిసిపోతుంది. అది గుర్తుకొచ్చి, "పెద్దాయనా, గొడ్డలి ఎక్కడికీ పోదు. ముందు చెట్టు కింద చూద్దాం రండి" అన్నాను.

ఇద్దరం వంగి వెతికాము. ఎండిన ఆకుల మధ్య బొటనవేలంత బూడిద రంగు ఉండలు నాలుగైదు దొరికినవి. ఆయన పుల్లతో ఒకదాన్ని విప్పాడు. అంతా మెత్తని ఎలుక బొచ్చు. రెండోది విప్పితే అందులో వంకరగా, పసుపురంగుగా వున్న పన్ను ఒకటి బయటపడింది. రైతుకు ఆ పన్ను ఎవరిదో ఒకరు చెప్పనక్కరలేదు గదా! వేరుశనగ కాయను కొరికిన పన్ను, ధాన్యపు గోతాన్ని కొరికిన పన్ను.

"ఇది ఎలుక పన్నే సారూ!" అన్నాడాయన. మూడో ఉండను నన్ను ముట్టుకోనీయలేదు. తానే విప్పాడు. అందులోనూ బొచ్చే. కోడి ఈక ఒక్కటి లేదు.

కోడిపిల్లల దొంగ కాకియో, ముంగిసో, ఆనాడు తేలలేదు. కాని ఆ చెట్టు మీది పక్షి మాత్రం నిర్దోషి అని తేలింది. ఆ పక్షి పేరు అడవి రామదాసు.

ఇప్పుడు మన పొలాల మీద తిరిగే వేటపక్షులను ఒక్కొక్కటిగా గుర్తు పట్టడమెలాగో చెప్తాను. అన్నిటినీ కలిపి "గద్ద" అనేస్తే, అందరినీ కలిపి "ఆఫీసరు" అన్నట్లే వుంటుంది. ఎవరి పని వారిదే.

అడవి రామదాసు కాకికంటె చిన్నది. ఒళ్లు తెలుపు, వీపు బూడిద రంగు, భుజం మీద నల్లని మచ్చ, కళ్లు ఎరుపు. దీన్ని గుర్తు పట్టడానికి ఒకే ఒక్క గురుతు చాలు. పొలం మీద ఎగురుతూ ఎగురుతూ గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడిపోతుంది. కిందనున్న ఎలుకను చూసుకొని, కాళ్లు వేలాడదీసి, మెట్లు దిగినట్లు దిగి, చివరకు రాయిలా పడుతుంది. వేట దొరకకపోతే లేచి మరోచోట నిలబడుతుంది. ఉదయం, సాయంత్రం దీని పని వేళలు. ఎలుకలు, చిట్టెలుకలు, మిడుతలు, తొండలు దీని ఆహారం. మన దగ్గర ఏడాది పొడుగునా వుంటుంది.

ఊరి మీద తిరిగే నల్ల గద్దకు తోక చివర చీలి వుంటుంది. చచ్చినవి, పారవేసినవి దానికి ముఖ్యమైన ఆహారం. అప్పుడప్పుడు కోడిపిల్లను తన్నుకుపోయే మాట నిజమే. చెరువుల దగ్గర తిరిగే గరుడ పక్షికి తలా రొమ్మూ తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక రంగు. చేపలు, ఎండ్రకాయలు దానికి ఇష్టం. జాలెడేగ పావురమంత వుంటుంది. రొమ్ము మీద సన్నని అడ్డచారలుంటాయి. అది ఆకుల మాటున దాగి కూర్చుని తొండను, చిన్న పిట్టను, ఎలుకను హఠాత్తుగా పట్టుకుంటుంది. ఇదికూడా కోడిపిల్ల కనబడితే వదలదు. తప్పు వున్నచోట తప్పు చెప్పవలసిందే. అయితే దానికి మందు వుండేలు కాదు. పిల్లలు రెక్క బలపడే వరకు తల్లికోడిని గంప కింద వుంచడం, పెరటిలో కొంత మేర పాత వల పైన కప్పడం చాలు.

ఇక చలికాలపు చుట్టాలు వున్నవి. వీటి సంగతి చెప్పాలంటే మిమ్మల్ని రోళ్లపాడు తీసుకువెళ్లాలి.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్లపాడు అనే ఊరున్నది. దాని పక్కన బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. అరణ్యమంటే చెట్లనుకోకండి. అక్కడ వున్నది గడ్డి. సుమారు 6 చదరపు కిలోమీటర్ల పచ్చికబయలు. చుట్టుపక్కల బీళ్లు దున్నబడినవి, కాలువల నీళ్లు వచ్చినవి, పంటలు మారినవి. బట్టమేక పిట్ట దాదాపు కనుమరుగైపోయింది. ఎవరి కోసం ఆ గడ్డిని కాపాడారో వారు పోయారు. కాని అదే గడ్డిని నమ్ముకొని ఏటా చలికాలంలో మరికొందరు వస్తున్నారు. వాటినే పిల్లి గద్దలంటారు.

ఒక ఏడాది డిసెంబరులో చుట్టుపక్కల రైతులు ఆరుగురిని వెంటబెట్టుకొని నేను రోళ్లపాడు వెళ్లాను. అటవీశాఖ వారి అనుమతి తీసుకొని, గడ్డికి దూరంగా గట్టు మీద కూర్చున్నాము. తుమ్మచెట్టు పెద్దాయన కూడా వచ్చాడు. మా దగ్గర వున్నది ఒకే ఒక దుర్భిణి. పొద్దు వాలే వరకు ఏమీ లేదు. "సారు మనల్ని గడ్డి చూడటానికి పిలుచుకొచ్చినాడే" అని ఒకాయన నవ్వాడు కూడా.

పొద్దు గుంకేముందు ఒక పక్షి వచ్చింది. గడ్డి మీద మనిషెత్తున, రెక్కలు రెండూ కొంచెం పైకి లేపి పట్టుకొని, అటూ ఇటూ ఒరుగుతూ తేలిపోతున్నది. తరువాత శనగ చేల మీదుగా ఇంకొకటి. జొన్న వైపు నుంచి రెండు. చూస్తూ వుండగా నాలుగు దిక్కుల నుంచీ వస్తూనే వున్నవి. కొన్ని బూడిద తెలుపు, రెక్కల చివర నలుపు. అవి మగవి. కొన్ని గోధుమ రంగు, తోక మొదట తెల్లని పట్టీ. అవి ఆడవి, పిల్లలూ. ఆ గడ్డి మీద కాసేపు చుట్టుతిరిగి, ఒక్కొక్కటీ గడ్డిలోకి దిగి కనబడకుండా పోయింది. చెట్టెక్కలేదు. పిల్లి గద్ద రాత్రి నిద్ర నేలమీదనే, గడ్డి మధ్యనే.

ఇవి ఎక్కడివి? కజకస్థాన్, రష్యా దేశాల పచ్చికబయళ్లలో ఎండాకాలంలో గూళ్లు కట్టి పిల్లలను చేస్తాయి. అక్కడ మంచు పడే వేళకు బయలుదేరి కొండలూ ఎడారులూ దాటి అక్టోబరు, నవంబరు నెలల్లో మన దగ్గరకు వస్తాయి. మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగిపోతాయి. మధ్యనున్న నాలుగైదు నెలలూ పగలంతా మన చేలమీదనే తిరుగుతాయి. మిడుతలు, ఎలుకలు, తొండలు, చిన్న పిట్టలు వీటి ఆహారం. వీటిలో ఒక జాతికి మిడుతలంటే ప్రాణం. ఊరి పేరు మిడుతూరు. ఆ పేరు ఎలా వచ్చినా, మిడుతలను తినే పక్షి అంత దూరం నుంచి వెతుక్కుంటూ మిడుతూరు మండలానికే రావడం చూచి మావాళ్లు ఎంత నవ్వుకున్నారో!

చీకటి పడ్డాక పెద్దాయన మెల్లగా ఒక మాట అడిగాడు: "సారూ, ఈ గడ్డికి నిప్పు పెడితే?"

అసలు ప్రశ్న అదే. చెట్టు మీద పడుకునే పక్షి లేచి మరో చెట్టుకు పోతుంది. నేల మీద పడుకునే పక్షికి నిప్పు వచ్చినా, కుక్కలు వచ్చినా, రాత్రిపూట ట్రాక్టరు వచ్చినా అదే గండం. గడ్డి లేకపోతే బసయే లేదు. బస లేకపోతే ఆ పక్షులు మన చేలకు రానే రావు. ఒకప్పుడు వచ్చినన్ని పిల్లి గద్దలు ఇప్పుడు మన దేశానికి రావడం లేదని ఏళ్ల తరబడి లెక్క పెట్టిన పరిశీలకులు చెప్పుచున్నారు. కాబట్టి మీ ఊరి పోరంబోకులో, చెరువు కట్ట వెనుక, గుట్ట పక్కన గడ్డి బీళ్లు వుంటే, చలికాలంలో వాటికి నిప్పు పెట్టకండి. పశువులకు మేత, గద్దకు పడక. ఒకే గడ్డి రెండు పనులు చేస్తుంది.

పగటి కాపలా సంగతి చెప్పాను. ఎలుక ఎక్కువగా తిరిగేది రాత్రి. రాత్రి కాపలా గుడ్లగూబది. వాటిలో తెల్లగూబ అనేది ఒకటున్నది. ముఖం గుండె ఆకారంలో తెల్లగా వుంటుంది. పాత గుళ్లలో, మిద్దెలలో, చెట్టు తొర్రలలో కాపురం. దీన్ని మన పెద్దలు చావుపిట్ట అన్నారు. రాత్రి దాని కీచుకూత వింటే ఎవరికైనా ఒళ్లు జలదరించే మాట నిజమే. కాని అది పిలిచేది మన ప్రాణాన్ని కాదు, తన జోడును. అది తీసేది ఎలుక ప్రాణం. చీకట్లో కన్ను కనబడకపోయినా, గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడును బట్టి సూటిగా దాని మీద పడగలదు. దాని రెక్క ఈకల అంచు మెత్తని కుచ్చులా వుంటుంది. అందుచేత రెక్క చప్పుడు ఎలుకకు వినబడదు. ఎలుకను సాధారణంగా మొత్తంగా మింగేస్తుంది. అది కక్కిన ఉండను విప్పితే పుర్రెతో సహా ఎముకలన్నీ దొరుకుతాయి. పిల్లలున్న రోజుల్లో తల్లిదండ్రులు ఒకే రాత్రి పలుమార్లు ఎలుకలను మోసుకొస్తాయి.

ఇశ్రాయేలు దేశంలో 1983లో ఒక వ్యవసాయ క్షేత్రం వారు పొలాల్లో చెక్కపెట్టెలు ఎత్తున అమర్చి ఈ తెల్లగూబలకు ఇళ్లు కట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎలుక మందు వాడకం తగ్గించాలని వారి ఉద్దేశం. తరువాత ఆ పని దేశమంతా పాకింది. మనకు పెట్టె చేయించే శక్తి లేకపోతే పోనీ. వున్న తొర్ర చెట్టును కొట్టకుండా, పాత గుడిలోని గూటిని పిల్లలు రాళ్లతో కొట్టకుండా చూస్తే అంతే లాభం.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరిలో సామూహికంగా ఎలుకల నివారణ చేయించాను. బ్రొమాడియోలోన్ ఎర ఎంత కలపాలో, బొరియకు ఎంత వేయాలో గడగడా చెప్పాను. ఊరంతా ఒకేరోజు వేశారు. నేను సంతోషంగా వచ్చేశాను. వారం దాటాక మళ్లీ వెళితే గట్ల మీద చచ్చిన ఎలుకలు అక్కడక్కడా పడి వున్నవి. వాటి మధ్య ఒక గుడ్లగూబ కూడా పడి వున్నది. అది ఏమి తిని చచ్చిందో నేను పరీక్ష చేయించలేదు. కాని చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చండి అనే మాట నేను ఆ రోజు చెప్పలేదు. ఆ మాట అప్పటి నుంచి ఏ సభలోనూ మరువలేదు.

ఈ మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో మత్తుగా, మెల్లగా, ఒక్కోసారి పట్టపగలే బయట తిరుగుతుంది. అటువంటి ఎలుకనే గద్దా గూబా సులువుగా పట్టుకుంటాయి. ఎలుకలోని మందు వాటి కడుపులోకి పోతుంది. కావలివాడికి మనమే విషం పెట్టినట్లవుతుంది. అందుచేత ఎలుకల నివారణలో ఈ వరుస పాటించండి.

మొదటిది, గట్లు సన్నగా, కలుపు లేకుండా వుంచండి. వెడల్పు గట్టు ఎలుకకు మేడ. రెండవది, పైరు చిన్నదిగా వున్నప్పుడే, ఊరంతా కలిసి ఒకేసారి బొరియలు తవ్వడం, పొగ పెట్టడం, బుట్టలతో పట్టడం చేయండి. ఒక్కరే చేస్తే పక్క పొలం ఎలుకలు మీ పొలంలో కాపురం పెడతాయి. మూడవది, మందు తప్పనిసరి అయితే ఎలుకలు వున్న బొరియలోనే ఎర వేయండి. గట్టు మీద చల్లకండి. నాలుగవది, ఎర వేసిన మరునాటి నుంచి కనీసం పది పదిహేను రోజులు ఉదయం, సాయంత్రం తిరిగి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చండి. చేతికి తొడుగు వేసుకోండి.

మందు విషయంలో అజాగ్రత్త ఎంత దూరం పోతుందో రాబందును చూచి నేర్చుకోవాలి. మీ తాతల కాలంలో పశువు చచ్చి ఊరి బయట వేస్తే గంటల్లో రాబందులు శుభ్రం చేసేవి. 1992, 2007 సంవత్సరాల మధ్య తెల్లవీపు రాబందులు మన దేశంలో నూటికి 99కి పైగా నశించిపోయినవి. రోగమనుకున్నారు. చివరకు 2004లో కారణం బయటపడింది. పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ సూది వేసిన పశువు చచ్చి, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయినవి. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో సూదిమందును 3 మిల్లీలీటర్ల సీసాకు పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకు నిషేధించారు. మెలాక్సికామ్ అనే మందు రాబందుకు హాని చేయదు. మీ పశువుకు నొప్పి సూది వేయించేటప్పుడు డాక్టరుగారిని ఆ మందే అడగండి. తెలంగాణాలో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనబడినవి. అంటే ఆశ పూర్తిగా పోలేదు. పశువు ఒళ్లో మనం వేసే సూది మీద ఆ ఆశ ఆధారపడి వున్నది.

ఇక మీ పొలానికి ఈ పక్షులను పిలవడానికి ఖర్చు లేని పని ఒకటున్నది. పంటకంటె రెండు మూడు అడుగులు ఎత్తుగా వుండేటట్లు కర్రలు నాటి, పైన అడ్డకర్ర కట్టండి. వీటినే పక్షి స్థావరాలంటాము. పగలు ఏట్రింతలు, గోరింకలు వాలి శనగలోని పచ్చపురుగును ఏరుతాయి. అడవి రామదాసు వాలి ఎలుకను కాస్తుంది. రాత్రి అదే కర్ర మీద గూబ కూర్చుంటుంది. కర్ర గట్టిగా నాటాలి. ఊగే కర్ర మీద గూబ కూర్చోదు. జొన్న, సజ్జ, వరి పంటలు గింజ పాలుపోసుకునే వేళకు మాత్రం కర్రలు తీసివేయాలి. లేకపోతే గింజ తినే పిట్టలకు అవే పీటలవుతాయి.

గ్రామాల్లో పనిచేసే విస్తరణ సిబ్బందికి ఒక మాట. రైతును కూర్చోబెట్టి గద్దల మీద ఉపన్యాసం ఇవ్వకండి. చెట్టు కిందకు తీసుకువెళ్లి ఒక ఉండను ఆయన చేతనే విప్పించండి. తరువాత చేతులు కడిగించండి. బడి పిల్లలకు కూడా ఇదే మంచి పాఠం. రోజూ ఉదయం అయిదు నిమిషాలు ఏ పక్షి, ఏ పొలం మీద, ఎంతసేపు తిరిగిందో పుస్తకంలో రాయించండి. నెల తిరిగేసరికి మీకే తెలుస్తుంది. గద్ద ఎక్కువగా నిలబడిన పొలమేదో ఆ పొలం గట్టు వెళ్లి చూడండి. ఎలుకల సంగతి మనకంటె ముందు దానికి తెలుస్తుంది. చూసేటప్పుడు గూటికి దూరంగా వుండాలి. గుడ్లను, పిల్లలను ముట్టకూడదు. ఈ పక్షులను చంపడం, పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. కాని చట్టానికి భయపడి కాపాడేకంటె, లాభం తెలిసి కాపాడటం మేలు.

గద్ద వుంటే ఎలుకలు పూర్తిగా పోతాయని నేను చెప్పడం లేదు. అలా చెపితే మీరు నమ్మవద్దు. ఎలుక మూడు వారాలకే ఈని, ఒక్క కాన్పులో అరడజను పిల్లలను పెట్టే జీవి. మన పని మనం చేయాలి. గద్ద చేసేది మన పనిలో సాయం. జీతం అడగని సాయం. ఆ సాయాన్ని మన చేతులతో మనం చంపుకోవద్దనే నా మనవి.

ఆ తుమ్మచెట్టు ఏమైందని మీరు అడగవచ్చు. గొడ్డలి ఆ రోజు పనిచేసింది. అయితే మొదలు మీద కాదు, కింది కొమ్మల మీద. నీడ తగ్గింది, సాళ్లు నిలబడినవి, పై కొమ్మ పక్షికి మిగిలింది. కోడిపిల్లలకు పెద్దాయన గంప కొన్నాడు. మొన్న శనగ కోతకు ముందు నేను అటు వెళితే, ఆయన మనుమడు పుల్ల పట్టుకొని చెట్టు కింద ఉండలు వెతుకుతున్నాడు.

మీ గట్టున కూడా అటువంటి చెట్టు ఒకటి వుండే వుంటుంది. రేపు ఉదయం దాని కిందకు ఒకసారి వెళ్లి చూడండి.